దేవకమ్మ మూటలు, నా అనపగింజలు

మా ఆడబిడ్డ దేవకమ్మకు మనుషుల ముఖాలు గుర్తుండవు. వాళ్లు ఏ పండు తింటున్నారో మాత్రం గుర్తుంటుంది. ఆ గింజ ఆమెకు కావాలి.

పెళ్లిపంక్తిలో పెళ్లికొడుకు మామిడిపండు కొరికితే, వెనకే నిలబడి, "టెంక పారెయ్యొద్దు నాయనా, నిదానంగా చీకి ఇయ్యి" అనేది. శ్రీహరికోట రాకెట్టు చూడ్డానికి వడమాలపేట నుంచి బండెడు మందిమి పోయాం. అందరూ పైకి చూస్తుంటే ఆమె కిందికి చూసి, కొంగు నిండా సరుగుడు కాయలు ఏరుకొచ్చింది.

"రాకెట్టు ఎట్లుండాది దేవకమ్మా?"

"ఏందో శబ్దమైనట్టుండాది వదినా."

పాత చీరపేలికల్లో కట్టిన మూటలు ఆమె ఇంటి దూలం నిండా గబ్బిలాల్లా వేలాడేవి. తాబేలు వీపులాంటి కాకరగింజ, రెక్కల మునగగింజ, నల్లముక్కు గురివింద. మనిషి మాత్రం వంగి నడవాలి.

డెబ్బై తొమ్మిదిలో తిరుపతి కాలేజీ నుంచి శాంతయ్య సారు వచ్చాడు. మొక్కల మ్యూజియంలో గాజుసీసాల్లో పెట్టడానికి రకరకాల గింజలు కావాలట. జీపు నా గడప దాటిపోయి పక్కనే ఆమె గడప ముందు ఆగింది. ఆ పూట నా పొయ్యికి కట్టెలు అక్కర్లేకపోయాయి, నా కడుపుమంటే చాలు.

నేనేం తక్కువ? కార్వేటినగరంలో మా అమ్మ కట్టి పంపిన నల్లచారల అనపగింజ ఈ చుట్టుపక్కల నా దగ్గర తప్ప లేదు. "రేపు మా ఇంట్లో భోంచెయ్యాల సారూ" అని చెప్పి, విత్తనానికి దాచిన కుండ మొత్తం నానబోశాను. తెల్లారి తొక్కలు పితికి, పితికిపప్పు పులుసు పెట్టాను. అతిథికి పుచ్చుగింజలు వండిపెడతామా?

సారు వేళ్లు నాకుతూ, "ఈ రుచి యాడా చూడలేదమ్మా. ఆ గింజలు చూపించండి, సీసాలో పెడతాం" అన్నాడు.

"మీ కడుపులో ఉండాయి" అన్నాను.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కుండలో పురుగు పట్టకుండా కలిపిన బూడిద తప్ప ఏమీ లేదు. అమ్మ పోయింది, పుట్టింటి సేద్యమూ పోయింది. ఆ గింజ మళ్లీ మొలిచే దారి లేదు.

కంచె అవతల అంతా వింటున్న దేవకమ్మ లోపలికి పోయి చిన్న మూటతో వచ్చింది. సారు చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని దాటొచ్చి మూట నా ఒళ్లో పెట్టింది. విప్పితే నల్లచారల గింజలు.

"యాడివే ఇవి?"

"ఏటా నువ్వు ఆరబోసినప్పుడు చాటలోంచి పిడికెడు ఎత్తుకుంటి వదినా. నీ చేతికి వంట గుర్తుంటాది గానీ విత్తనం గుర్తుండదు."

"దొంగదానా."

"ఊ" అంది.

"కొన్ని ఇప్పించండమ్మా" అని సారు ఆమెనే అడిగాడు.

"నన్నడిగితే ఎట్లా సారూ? అది మా వదిన గింజ. ఆమె ఇస్తే ఇస్తాది, లేకుంటే లేదు."

కాలేజీ సారు నా ముందు చెయ్యి చాపి నిలబడ్డాడు. నేనేమీ తొందరపడలేదు. వీధిలో పోయేవాళ్లంతా చూశాక గుప్పెడు ఇచ్చాను.

మిగిలినవి ఇద్దరం చెరిసగం విత్తుకున్నాం. ఆమె మడిలోనే ఎక్కువ కాశాయి. అదొక్కటే నాకు ఈనాటికీ మింగుడుపడలేదు.