అట్టముక్క మీద ఆరు వాల్వులు

నిన్న టేకులపల్లిలో బండి ఆపితే, రోడ్డు పక్క షెడ్డులో అట్టముక్కకు వరుసగా గుచ్చిన లారీ ఇంజను వాల్వులు కనిపించాయి. అక్కడి కిరోసిన్ వాసనకు పాత భయం మళ్లీ కదిలింది.

లారీ డ్రైవర్ల ఇళ్లలో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బండి నల్లపొగ కక్కుతూ ఎత్తు ఎక్కనని మొరాయిస్తే, నాన్న ఇంజను పైభాగం, హెడ్డు, విప్పి వాకిట్లోకి తెచ్చేవాడు. అందులోని వాల్వుల మీద పెచ్చుకట్టిన మసి గీకి కడగడం నా పని. ఏ వాల్వు ఎక్కడిదో మళ్లీ అక్కడే కూర్చోవాలి. అందుకే పాత క్యాలెండర్ అట్టకు కన్నాలు పెట్టి అంకెలు వేసేవాడు.

ఒకసారి రెండు వాల్వులు ఒకేసారి కిరోసిన్ డబ్బాలో వేశాను. తీశాక ఏది మూడోదో, ఏది నాలుగోదో తెలియలేదు. తోచినట్టు గుచ్చేసి ఊరుకున్నాను. తెల్లారితే నాన్న వెదురు లోడుకు పోవాలి. పోయినసారి బండి అడవిలో ఆగిపోతే నాన్న రెండు రోజులు ఇంటికే రాలేదు.

నాన్న వాల్వులు బిగించి, పైన కిరోసిన్ పోసి చూశాడు. సరిగ్గా కూర్చుంటే చుక్క కారదు. మూడోదాని కింద చుక్క మెరిసింది. తర్వాత నాలుగోదాని కింద.

"గివి ఎవరు కలిపిండ్రు?"

అబద్ధమాడితే దేవుడు చూస్తాడని రోజూ చెప్పే అమ్మ, పొయ్యి దగ్గర నుంచే అంది: "నేనేనయ్యా. ఊడుస్తుంటే చీపురు తాకి పడ్డయ్. గట్లనే గుచ్చిన."

నాన్న పొయ్యి వైపు కాదు, నా వైపు చూశాడు. రెండూ విప్పి, మార్చి బిగించాడు. పని అయ్యాక అట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరే దాచు బిడ్డా. మీ అమ్మకు ఇయ్యకు, మల్ల కలుపుతది."