ఏసుమణి పుట్టించిన మాటలు

ఊరంతా హిందీ మాట్లాడే పర్సుడీహ్‌లో మూడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే ఏసుమణి టీచరుకి ఒక పిచ్చి ఉండేది. పిచ్చి అంటే ఆవిడకు కోపం, కానీ మరేమనాలి? సువర్ణరేఖ నది అడుగున కాపురాలుండే ఒక లోకం గురించి నవల రాస్తూ, ఆ లోకపు చెంచాకీ చెంబుకీ దువ్వెనకీ కూడా కొత్త పేర్లు పుట్టించేది. చెంచా అంటే లుమ్మ. చెంబు అంటే తొరిపి. ఏ పేరైనా ఇంట్లో వారం రోజులు చెల్లితేనే పుస్తకంలోకి ఎక్కాలని ఆవిడ నియమం.

"డూటీ నుంచి వచ్చినోడికి ఈ పరీచ్చలేటే?" అని విసుక్కునేవాడు భర్త నెల్సన్. తొరిపి అందుకోమంటే తువ్వాలు అందుకునేవాడు.

కూతురు జెన్సీ మాత్రం ఇట్టే పట్టేసింది. తొమ్మిదేళ్ల ఆ పిల్ల, తల్లి తెలుగులో ఏమడిగినా ముక్తసరిగా హిందీలో జవాబిచ్చి తప్పుకునేది. అలాంటిది, ఈ పేర్లు దొరికాక తల్లి కొంగు వదలకుండా కబుర్లు చెప్పసాగింది. ఏసుమణికి కడుపు నిండిపోయింది. నవల ఏమైపోయినా సరే, పిల్ల ఇలా మాట్లాడితే చాలనుకుంది.

ఒకరోజు భోజనానికి కంచాలు పెడుతుంటే జెన్సీ అడిగింది: "ఇరువేన్ కా లుమ్మ కహాఁ హై?" ఇరువేన్ చెంచా ఎక్కడని.

"ఇరువేనేటే? ఆ పేరు నేను పెట్టనేదే!"

"జో రసోయీ మే రహతీ హై," అంది పిల్ల, వంటగదిలో ఉంటుందే, ఆవిడ అన్నట్టు.

ఏసుమణికి భయమేసింది. నవల రాసుకునే నోటుపుస్తకం ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, ఇంట్లో ఇక తెలుగే అంది. దాంతో జెన్సీ తల్లితో మాటలే మానేసింది. హిందీ కూడా లేదు. వారానికల్లా ఏసుమణి ఓడిపోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, నెల్సన్ మాంసం కొట్టుకి వెళ్లాక, పిల్ల ముందు కూర్చుని తన కొత్త మాటల్లోనే బతిమాలింది.

జెన్సీ జాలిగా చూసింది. "మమ్మీ, ఆప్ గలత్ బోల్తీ హో."

తప్పుగా పలుకుతోందట, తను పుట్టించిన మాటల్నే!

పిల్ల లేచి వంటగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల కిలకిలా నవ్వు, ఒక్క ముక్కా అర్థం కాని మాటలు.

"ఎవుర్తోనే మాట్లాడతన్నావు?" అంటూ వెళ్లిన ఏసుమణి చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. లోపల ఎవరో పిల్లకు జవాబు చెబుతున్నారు, ముద్దుగా, నెమ్మదిగా. ఆ గొంతు తనదే. తన నోరు మూసే ఉందా అని ఏసుమణి చేత్తో తడిమి చూసుకుంది.