నేల చల్లారేదాకా

ఆ పొద్దున మామా వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. కువైట్ జాబ్రియాలో ఈ ఇంట్లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను, మేం మామా అని పిలిచే ఈ ఇంటి యజమానురాలు వంటింట్లో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. కీర దోసకాయలు తరుగుతున్న నా చేతిలోంచి కత్తి తీసి పక్కన పెట్టి, "ఖలాస్" అంది. ఇక్కడ ఆ మాట రోజుకు యాభైసార్లు వింటాం. పాలు ఖలాస్, గ్యాస్ ఖలాస్, పని ఖలాస్. మనిషికి ఆ మాట వాడగా వినడం నాకు అదే మొదటిసారి. మూడు రోజులుగా ఆస్పత్రిలో ఉన్న మా డ్రైవరన్న పోయాడు.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, నాది రాయచోటి పక్క. నేను కొళాయి అంటే ఆయన నల్లా అనేవాడు. నేను వచ్చిన కొత్తలో ఆయన మాట నాకు సగమే అర్థమయ్యేది, నా మాటకేమో ఆయన పడీ పడీ నవ్వేవాడు. నన్ను చెల్లె అని పిలిచాడు. ఆ ఇంట్లో నన్ను పేరుతో కాకుండా వరసతో పిలిచిన మనిషి ఆయనొక్కడే.

ఆయన ఉద్యోగం బండి నడపడం. అసలు పని మాత్రం కుక్కను బతికించడం. ఇంట్లో పిల్లలు ముచ్చటపడి, మంచు దేశాల్లో బండ్లు లాగే జాతి కుక్కను తెచ్చి, దానికి తల్జ్ అని పేరు పెట్టారు. అరబ్బీలో ఐసు అని అర్థం. గుడ్డు పగలగొడితే బండ మీదే ఉడికిపోయే ఊళ్లో ఐసును పెంచడమేమిటో! నెల తిరిగేసరికి పిల్లల ముచ్చట తీరిపోయింది. కుక్క డ్రైవరన్న చేతికి వచ్చింది. ఆయన దాన్ని ఐసుగాడు అనేవాడు.

నాకు ముందు ఆ కుక్కంటే పడేది కాదు. దాని వెంట్రుకలు ఊడ్చలేక నడుం పడిపోయేది. పైగా దానికి పగలంతా హాల్లో ఏసీ.

"ఏందన్నా ఇది? మా ఊర్లో కుక్కలు ఎండలో బండల మీదనే పండుకుంటాయి" అన్నాను ఒకరోజు.

"గవి ఊరకుక్కలు చెల్లె, నీడ ఏడున్నదో వాటికి ఎరుకే. గిది పరాయి దేశం నుంచి వచ్చింది, మన లెక్కనే. మనకు ఒళ్లంత చెమట పడ్తది. దానికి నాలుకనే చెమట. నాలుక సూస్తుండాలె."

ఆ నాలుక చదవడం నాకు నేర్పాడు. మామూలుగా వగర్చడం వేరు, నాలుక వెడల్పై ఎర్రబడి, చొంగ చిక్కగా కారుతూ అడుగులు తడబడడం వేరు. అది కనబడితే వెంటనే నీడకు తేవాలి. ఐసునీళ్లు గుమ్మరించకూడదు. మామూలు చల్లటి నీళ్లతో పొట్ట, చంకలు, పాదాలు తడిపి ఫ్యాను పెట్టి, డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. బొచ్చు గొరిగించేద్దామని పిల్లలు అంటే అడ్డం పడ్డాడు. "బొచ్చు దానికి గొడుగు. గొరిగితే తోలు కాల్తది" అన్నాడు. మామా కొట్లోకి పోతూ, కుక్కను ఒక్క నిమిషం బండిలో ఉంచమంటే, కారు తాళం తీసి ఆమె చేతిలోనే పెట్టేవాడు. "లా, మామా. సయ్యారా ఫుర్న్" అనేవాడు. అది బండి కాదు, రొట్టెలు కాల్చే పొయ్యి అని. మామా గొణిగేది. ఆయన మాత్రం కుక్కతో కొట్టు నీడన నిలబడేవాడు.

నా మొదటి ఎండాకాలంలో నేనొక ఘనకార్యం చేశాను. మధ్యాహ్నం కుక్క వగరుస్తుంటే జాలిపడి, వెనకవైపు గుడ్డలుతికే చోటుకు తీసుకుపోయి నీలం గుర్తున్న కొళాయి తిప్పాను. చల్లనీళ్లు కదా అని! కుక్క పెట్టిన కేకకు డ్రైవరన్న అన్నం చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు.

"నీలం నల్లాను నమ్మద్దు చెల్లె. నీళ్ల ట్యాంకు మిద్దె మీదున్నది, పొద్దంత ఎండల ఉడుకుతది. ఎండకాలం కువైట్ల ఎర్ర నల్లానే సల్లగుంటది."

ఎండాకాలం హీటరు ఆపేస్తాం కాబట్టి, అందులో నిలిచిన నీళ్లు ఇంటి ఏసీ చలువకు చల్లబడతాయి. ఎర్ర గుర్తున్న కొళాయిలో వచ్చేది ఆ నీళ్లే. ఎర్రది చల్లన, నీలంది వేడి. ఇలాంటి తలకిందుల దేశంలో ఇరవై ఏళ్లు ఉన్నాడు కాబట్టి ఆయన దేన్నైనా తాకి చూసిగాని నమ్మేవాడు కాదు.

నడకకు తీసుకెళ్లేది తెల్లవారుజామున, మళ్లీ పొద్దు పోయాక. గేటు దగ్గర చెప్పులు విడిచి, వీధి ఇటుకల మీద వట్టి కాలితో నిలబడి పది లెక్కపెట్టేవాడు. నిలబడగలిగితే "నడువు రా" అనేవాడు. లేకపోతే "ఇంకింత సేపు ఆగుదాం రా" అని గడప మీద కూర్చునేవాడు.

"చేయి పెట్టి చూడొచ్చు కదన్నా?"

"అది నడిచేది కాళ్లతోని. నేను సుత కాళ్లతోనే సూడాలె."

ఇక నేను చెప్పాల్సింది చెప్పాలి. మామాకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం చెత్తసంచి బయట వేసి వచ్చింది నేను. గేటు దగ్గరికి వేశానే గాని గడియ పడిందో లేదో చూడలేదు. పొయ్యి మీద అన్నం ఉంది, ఆ తొందర. పిల్లి వెంట కుక్క వీధిలోకి పోయింది. గేటు పక్క గదిలో భోంచేస్తున్న డ్రైవరన్న చూసి వట్టి కాళ్లతోనే పరుగెత్తాడు. వీధి చివర కుక్క ఒక కాలు ఎత్తి, ఆ కాలు దించి ఇంకోటి ఎత్తుతూ నిలబడిపోయిందట. అంత పెద్ద జంతువును భుజం మీద వేసుకుని తిరిగొచ్చాడు. నేను చూసేసరికి గేటులోకి అడుగుపెడుతున్నాడు. కుక్కను నీడలో దింపి, గోడ పట్టుకుని, మెల్లగా జారిపోయాడు.

తోట పైపు అందుకున్నాను. ఆ నీళ్లు చేతికి చురుక్కుమన్నాయి. నీలం నల్లాను నమ్మద్దు! లోపలికి ఉరికి ఎర్ర కొళాయి కింద బకెట్ పెట్టాను. అంబులెన్సు వచ్చేదాకా ఆయన మెడ, చంకలు, పాదాలు తడుపుతూనే ఉన్నాను. కుక్కకని ఆయన నేర్పిన వైద్యం ఆయనకే చేశాను. అరికాళ్లు తడుపుతుంటే తోలు నా చేతికి వచ్చింది.

మర్నాడు మామా నన్ను ఆస్పత్రికి తీసుకుపోయింది. ఆయన రెండు పాదాలకూ కట్లు. గుండె మునుపే బలహీనంగా ఉందని డాక్టరు మామాతో అన్నాడు. ఏటా కుక్కను డాక్టరుకు చూపించిన మనిషి తనను తాను ఎన్నడూ చూపించుకోలేదు. కుక్క నాలుక చదవడం నేర్చుకున్న నేను ఆయన మొహం చదవలేదు. ఆ ఎండాకాలమంతా మెట్లెక్కితే ఆగి ఊపిరి పీల్చుకునేవాడు. "ముసలోడివైపోతాండావన్నా" అని ఎగతాళి చేశాను. ఆ ఎగతాళి ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మామా బయటికి వెళ్లగానే చెప్పేశాను. "గేటు గడియ యేసుకోకుండా వచ్చింది నేనేన్నా."

"ఎరుకే తియ్యి" అన్నాడు కళ్లు మూసుకునే. కళ్లు తెరిచి, "ఐసుగాని కాళ్లు సూసినవా? బొబ్బలు రాలే గద?"

"ఏం కాలేదన్నా. బాగుండాయి."

"మంచిగైంది" అన్నాడు. నాతో అన్న ఆఖరు మాట అదే.

శవం ఉన్న పెట్టె ఊరికి వెళ్లిన తర్వాత ఆయన కూతురు ఫోన్ చేసింది. "అత్తమ్మా, బాపు సివరికి ఏమన్నడు?" అని అడిగింది. కుక్క కాళ్ల గురించి అడిగాడని చెప్పాను. ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. "గట్లనే అంటడు. మా బాపు గంతే" అంది. గేటు సంగతి మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది అచ్చయితే ఆమెకు పంపిస్తాను. తిడితే పడతాను.

మొన్న సాయంత్రం మామా కుక్క తాడు నా చేతికిచ్చింది. గేటు తీశాను. కుక్క కదల్లేదు. లాగాను, బతిమాలాను, బిస్కెట్ చూపించాను. గడప లోపలే కూర్చుని నా మొహం కాదు, కాళ్లు చూస్తోంది. అప్పుడు అర్థమైంది నాకు. చెప్పులు విడిచి ఇటుకల మీద నిలబడ్డాను. మూడు దాకా లెక్కపెట్టేసరికి అరికాళ్లు భగ్గుమన్నాయి, లోపలికి గెంతాను. ఇంత కాలే నేల మీద, ఇంతకన్నా కాలే మధ్యాహ్నం, ఆ మనిషి వీధి చివరిదాకా పోయి వచ్చాడు.

"ఇంకింత సేపు ఆగుదాం రా" అన్నాను. అది నా యాస కాదు, ఆయనది. ఇద్దరం గడప మీద కూర్చున్నాం. మసీదులో అజాన్ అయింది, వీధి దీపాలు వెలిగాయి. మళ్లీ కాలు పెట్టి పది లెక్కపెట్టాను. పది అనగానే ఐసుగాడు లేచాడు. ఆయన ఆ రోజు వేసుకోకుండా పరుగెత్తిన చెప్పులు ఇంకా గోడ వారనే ఉన్నాయి. వాటిని వాసన చూసి, ముందు కాలు బయట పెట్టాడు. నేను గేటు వేసి, గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాను.