సంగమ్మ ఇంటి వాసాల్లో పురుగు

ఉదయం ఏడింటికి లింగంపల్లిలో నారాయణఖేడ్ బస్సెక్కాను. సంచిలో భూతద్దం, ఉప్మా డబ్బా. పక్కసీటు పెద్దాయన ఏం పని చేస్తావని అడిగితే, చెక్కను తొలిచే పురుగుల్ని గుర్తుపడతానన్నాను. "గుర్తుపడ్తే అవి నీకు నమస్తే పెడ్తయా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఒక్కటీ పెట్టలేదని ఒప్పుకున్నాను.

నన్ను పిలిచింది ఖేడ్ వడ్రంగి వీరేశం. విదేశీ యంత్రాలు వచ్చే పెట్టెల పైన్ చెక్క చవకని, కంగ్టి ఊళ్లో సంగమ్మ ఇంటికి దాంతోనే వాసాలు వేశాడు. హైదరాబాద్‌లో కూలిపని చేసి ఆమె కట్టుకున్న రెండు గదులవి. ఇప్పుడు వాసాలకు చిల్లులు, రాత్రంతా కరకర. ముసలి అత్తమీద కప్పు కూలుతుందేమోనని ఆమె పనికి పోవడమే మానేసింది.

పదకొండింటికి ఖేడ్‌లో వీరేశం దుకాణం చేరేసరికి సంగమ్మా అక్కడే ఉంది. పైన్ చెక్కలో దగ్గరి చుట్టాలైన రెండు పురుగులుంటాయి. ఒకటి ఎండుచెక్కలో మళ్లీ మళ్లీ గుడ్లు పెట్టి ఇల్లు గుల్ల చేస్తుంది. రెండోది అడవిలో పచ్చిదుంగలోనే చేరి, పెట్టెతో పాటు ప్రయాణించి, చిల్లు చేసుకుని వెళ్లిపోతుంది; ఎండుచెక్కలో గుడ్లు పెట్టదు. రెంటికీ పొడుగు మీసాలే. మీసం చూసి మోసపోకూడదు, మెడ చూడాలి: మొదటిదానికి నున్నగా మెరిసే రెండు బుడిపెలు, రెండోదానికి రెండు సొట్టలు.

"ఎటూ పోవద్దని జిగురుతోని అంటిచ్చిన సారూ," అంటూ వీరేశం చెక్కముక్క తెచ్చాడు. పురుగును వెల్లకిలా అంటించాడు. చూడాల్సిన మెడ జిగురులో మునిగి ఉంది.

సంగమ్మ పక్క హోటల్ నుంచి చెంబుతో వేడినీళ్లు తెచ్చింది. అది నానేలోగా ముగ్గురం చాయ్ తాగాం. ఊడొచ్చేటప్పుడు రెండు మీసాలూ జిగురుకే ఉండిపోయాయి, మెడ మిగిలింది. భూతద్దం పెడితే సొట్టలే.

వెళ్లిపోయే రకమన్నాను. లోపలున్నవి కొన్నాళ్లు వస్తాయి, కొత్తవి పుట్టవు.

"ఖాయమేనా సారూ? నీ మాట మీద అత్తను ఇడిసిపెట్టి పోవాలె నేను."

మళ్లీ చూశాను. సొట్టలే. అయినా ముగ్గురం ఆటోలో కంగ్టి వెళ్లాక ప్రతి వాసాన్నీ గుచ్చి చూశాను. రెండు మాత్రం మెత్తబడ్డాయి. "గవి నేనే మారుస్త, ఈ వారంలనే; అందాక కింద గుంజలు పెడ్త," అన్నాడు వీరేశం, అడక్కముందే.

సాయంత్రం ఐదింటి హైదరాబాద్ బస్సులో నా పక్కన సంగమ్మ, ఒళ్లో బట్టల మూట. జోగిపేట రాకముందే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. గతుకులకు కూడా లేవలేదు. నేను మాట్లాడుతుంటే నిద్రపోయినవాళ్లను చాలామందిని చూశాను. నా మాట నమ్మి నిద్రపోయిన మనిషిని చూడడం ఇదే మొదలు.