పేరు తీసేసిన పూట

కార్ఖానా ఏరియాలో అన్నదమ్ములిద్దరు కలిసి నడిపే రక్తపరీక్షల ల్యాబ్‌కు కంప్యూటర్ల పని చూసేదాన్ని. అన్న ముందు కౌంటర్లో కూర్చునేవాడు. వెనక గదిలో సర్వరు మొదటి వైరు నుంచి తమ్ముడి చేతుల మీదే లేచింది. పంపకాలప్పుడు ల్యాబ్ అన్నకు పోయింది. తమ్ముడికి బోయిన్‌పల్లిలో ఒక ఖాళీ దుకాణం మడిగె వచ్చింది.

ఆ పొద్దున అన్న నన్ను పక్కకు పిలిచాడు. "మేడం, మావోని పేరు ఆ సర్వర్ గ్రూపులకెళ్లి తీసెయ్యుండ్రి. ఆయనకు గిప్పుడే చెప్పకుండ్రి, లొల్లి వద్దు."

సుడో అనే ఆ గ్రూపులో పేరున్నవాళ్ళు సర్వర్లో ఏదైనా చెయ్యొచ్చు, ఎవర్నైనా తీసెయ్యొచ్చు, అన్నతో సహా. ఒక్క లైను కమాండుతో తమ్ముడి పేరు తీసేశాను. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఇదే కదా అని ఒళ్ళు మండింది.

అన్నకు తెలియనిది ఒకటుంది. పేరు తీసినా, అప్పటికే లాగిన్ అయి ఉన్నవాడి అధికారం పోదు. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లేపరు కదా, అలాగన్నమాట. లేచి మళ్ళీ వస్తేనే చోటుండదు. తమ్ముడు వెనక గదిలో నా పక్కనే, పొద్దుటి నుంచీ లాగిన్‌లోనే ఉన్నాడు, రిపోర్టుల బ్యాకప్ నడుపుతూ. కావాలంటే ఆ సెషన్ కూడా తెంచెయ్యగలను. నాకు చెప్పింది పేరు తీయమని, తీశాను, అంతటితో సరి అనుకున్నాను.

కాసేపటికి తమ్ముడు ఏదో పని మీద ఇంకో విండో తెరిచి లాగిన్ అయ్యి, ఒక కమాండు కొట్టాడు. మీకు అనుమతి లేదని వచ్చింది. అదే కమాండు పాత విండోలో కొట్టాడు. నడిచింది. కుర్చీ నా వైపు తిప్పాడు.

"అన్న చెప్పిండా మేడం?"

"చెప్పారండి."

"దీంట్లకెళ్లి నేను అన్న పేరే తీసెయ్యొచ్చు గదా?"

"తీసెయ్యొచ్చు," అన్నాను. నిజంగానే భయమేసింది.

ఆయన స్క్రీను వైపు తిరిగి, బ్యాకప్ అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అయ్యాక రెండు ఫైళ్ళు తెరిచి, సరిగ్గా వచ్చాయని చూసుకుని, తనే లాగౌట్ కొట్టాడు.

గుమ్మంలో అన్న ఎదురొచ్చాడు. "ఏందిరా, పోతున్నవా? రేపు సర్వర్ గిట్ల సతాయిస్తే ఫోన్ చేస్త, జెర వచ్చి చూడు."

"నాకు పర్మిషన్ లేదన్నా," అని తమ్ముడు చెప్పులేసుకున్నాడు.