అంచున ఉన్న మా లంక

పటం కట్టించడం గోడకు అలంకారమని చాలామంది అనుకుంటారు. నేను ఏనాడూ అలా అనుకోలేదు. చిత్రానికి చట్రం ఇల్లు వంటిది. ఇంటికి సరిపోలేదని మనిషిని కోయము కదా!

మా నాన్నగారు కొల్లేటి దక్షిణాన, ఆకివీడు వైపున్న ఒక చిన్న లంకలో మిషన్ పాఠశాల ఉపాధ్యాయులు. ముప్పైల దశకపు మొదట్లో ఆయన రెండు వేసవులు పడవ మీద తిరిగి, సరస్సు మొత్తాన్ని ఒక దళసరి కాగితం మీద రంగులతో చిత్రించారు. నీటికి నీలం, కిక్కిస పొదలకు ఆకుపచ్చ, లంకలకు గోధుమవన్నె, గూడకొంగలు వాలే చోట తెల్లని చుక్కలు. పై అంచున ఏలూరు. కింది అంచున, కాగితం అయిపోయే చోట, చింతగింజంత మా లంక. సర్కారు వారి పటాల్లో దానికి ఆ పాటి చోటు కూడా ఉండేది కాదు.

ఆ పటాన్ని బడి గోడకు నాలుగు మేకులతో కొట్టారు. బడిలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థీ ముందుగా వేలు పెట్టి తన ఊరు వెతుక్కునేవాడు. నేను ఏలూరులో ఉపాధ్యాయ శిక్షణ పొందుతూ సెలవులకు వచ్చిన ఒక ఏడు చూస్తే, తక్కిన లంకలన్నీ నిగనిగలాడుతున్నాయి. మాది మాత్రం వెలిసిపోయింది. దానిమీద ప్రేమ ఉన్నవారి వేళ్లే దాన్ని చెరిపివేస్తున్నాయి.

"నాన్నగారూ, ఇంకో రెండేళ్లు ఇలాగే వదిలేస్తే మన ఊరు ఉండదండీ," అన్నాను.

"అద్దంలో పెట్టి పిల్లల్ని దూరంగా నిలబెడతావా అమ్మాయ్? ఊరు కనబడితే చెయ్యి ఊరుకుంటుందా?"

"చెయ్యి అద్దం మీద పెట్టుకోమనండి."

ఆయన నవ్వి, పటాన్ని చుట్టి నా చేతికిచ్చారు. "జాగ్రత్త. మళ్లీ గీయమంటే నా కళ్లు ఒప్పుకోవు," అన్నారు. ఆ మాటను ఏలూరు చేరే దాకా పడవలో మోసుకువచ్చాను.

ఏలూరులో కాలువ ఒడ్డున పటాలు కట్టే అంగడి ఒకటి ఉండేది. యజమాని కాగితాన్ని బల్లమీద పరచి, జానలతో కొలిచి, కత్తెర అందుకున్నాడు.

"కిందని నాలుగు వేళ్లు కోసేస్తే సిద్ధంగా ఉన్న చట్రంలో ఒదిగిపోతుందండీ. సాయంత్రానికి పట్టుకెళ్లిపోవచ్చు."

"కోయడానికి వీల్లేదండీ."

"దేవుడి పటాలే కోస్తున్నానమ్మా. కొల్లేరుకేమొచ్చింది?"

"దేవుడు మధ్యన కూర్చుంటాడు. మా ఊరు అంచున ఉంది."

అతడు వంగి చూశాడు. "ఇదేనా అండీ? మరకనుకున్నాను!"

"మరక కాదండీ. మా నాన్నగారి బడి."

కత్తెర బల్ల కిందికి పోయింది. కాని అంతటితో నేను వదలలేదు. అతడు కాగితాన్ని పిండిబంకతో అట్టకు అంటిస్తానంటే కూడదన్నాను. బంక ఉన్న చోటికి పురుగు వస్తుంది. అద్దాన్ని కాగితానికి ఆనించవద్దన్నాను. వానాకాలపు చెమ్మకు రెండూ అతుక్కుంటే, విడదీసినప్పుడు రంగు అద్దంతో పోతుంది.

"ఇవన్నీ మీకెవరు చెప్పారండీ?"

"చెమ్మే చెప్పిందండీ. మాది కొల్లేరు."

తాడేపల్లిగూడెం కలప అడితి నుంచి టేకు కర్ర వచ్చింది. ప్రతి శనివారం కొలబద్ద తీసుకుని వెళ్లేదాన్ని. నన్ను చూడగానే అతడు పక్క కొట్టు వారిని కేకవేసేవాడు: "ఏవండోయ్, ఇనస్పెక్టరు గారొచ్చారు!" అననివ్వండి. మూలలు నాలుగూ వెంట్రుక దూరకుండా కలిశాయి. అద్దానికీ కాగితానికీ నడుమ అట్టతో చుట్టూ అంచు కట్టాడు. పటాన్ని పైఅంచున రెండు చోట్ల మాత్రమే పట్టి ఉంచాడు. వెనుక పలక బిగించి, సందులన్నీ కాగితంతో మూశాడు. పని ముగిశాక, ఒక్కరోజు అంగడి ముందు వేలాడదీసుకోనిమ్మని అతడే అడిగాడు. అనుమతించాను.

పటం తిరిగి బడి గోడకెక్కిన ఆ ఏడే వరద వచ్చింది. బడిలో మోకాలిలోతు నీరు నిలిచింది. గోడలు నెలరోజులు చెమర్చాయి. హాజరుపట్టీలు ముద్దయ్యాయి, చట్రం లేని బొమ్మలన్నీ బూజుపట్టి చుట్టుకుపోయాయి. నీరు తీసిన తరువాత నాన్నగారు పటాన్ని దింపించి, వెనుక సందులు మూసిన కాగితం నన్నే కోయమన్నారు. పలక తీశాను. ఆయన అరచేతిని పటం వెనుక చాలాసేపు ఆనించి ఉంచారు.

"పొడిగా ఉందే," అన్నారు. నా పనిని ఆయన మెచ్చుకున్న తీరు అది; అంతకు మించి నేను కోరలేదు.

తరువాత ఆ బడికి నేనే ప్రధానోపాధ్యాయినినయ్యాను. బడిలో నేను పెట్టిన నియమాలు అనేకం; పటం ముట్టుకోరాదన్న నియమం మాత్రం పెట్టలేదు. శుక్రవారం సాయంత్రానికి అద్దం కింది అంచు వేలిముద్రలతో మసకబారేది. తడిగుడ్డతో నేనే తుడిచేదాన్ని. ముద్రలు గుడ్డకు వచ్చేవి. మా లంక ఉన్నచోటనే ఉండేది.