కట్టెబండ్లకు దారి ఇచ్చిన హెడ్డు నంజప్ప

మొన్న మంగళవారం పొద్దున పుంగనూరు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ నంజప్ప గారి కూతురు రత్న. "నాయన పోయినాడన్నా" అంది. అంతకు రెండు రోజుల ముందే ఆయన నాతో మాట్లాడారు. మోకాళ్ల నొప్పి సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, మిగతా సమయమంతా బెంగుళూరు కూడళ్లలో నేను పెట్టిస్తున్న సిగ్నళ్ల గురించే అడిగారు. అంతటి జిజ్ఞాస ఉన్న కంఠం శాశ్వతంగా మూగబోయిందంటే మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.

ఆయన ఉన్నత పదవులు అలంకరించిన వ్యక్తి కారు. జీవితంలో అధికభాగం పుంగనూరు, మదనపల్లె, కుప్పం కూడళ్లలో ఎండకు ఎండి, వానకు తడిసి, ఈల ఊది, చేయి చూపి జనాన్ని ఇళ్లకు చేర్చిన సామాన్యుడు. ఇటువంటివారి నిర్యాణం పత్రికలకు వార్త కాదు. కనుక ఈ నాలుగు మాటలు నేనే రాయాలి. రాయవలసిన బాధ్యత నాకు మరెవరికంటే ఎక్కువగా ఉంది.

తొంభైల్లో పుంగనూరులో ఇంటర్ చదువుకునే రోజుల నుంచీ ఆయనను ఎరుగుదును. సంత రోజు బస్టాండు ముందు ఆవులు, గొర్రెలు, జీపులు, కాలేజీ సైకిళ్లు అన్నీ ఒకదానిలో ఒకటి ఇరుక్కునేవి. నంజప్ప గారు మాత్రం తొణికేవారు కాదు. "సదుం జీపు పోయింది. ఇంగ మదనపల్లె బస్సొస్తాది. గొర్రెల్ని ఇప్పుడే దాటించుకో అప్పా" అనేవారు. గొర్రెలు దాటేవి, బస్సు వచ్చేది. ఈయన లెక్క ఎప్పుడు తప్పుతుందా అని మేము కాలేజీ ఎగ్గొట్టి మరీ కాచుకుని కూర్చునేవాళ్లం. కాలేజీ హాజరు తగ్గింది గానీ ఆయన లెక్క తప్పలేదు. ఇవాళ కెమెరాలు, కంప్యూటర్లు పెట్టి మేము చేస్తున్న పని కూడా అదే. ఏ బండి ఎప్పుడు వస్తుందో ముందే గ్రహించి దారి సిద్ధం చేయడం.

హారన్ అంటే ఆయనకు ఒళ్లు మంట. ఆగకుండా మోగించే డ్రైవరు దగ్గరికి తాపీగా నడిచి వెళ్లి, "హారన్ కొడితే రోడ్డు వెడల్పవుతాదా అప్పా? అయితే సెప్పు, నేనూ వచ్చి కొడతా" అనేవారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు, డ్రైవరూ నవ్వేవాడు.

రెండు వేల సంవత్సరం దాటాక నేను ఇంజనీరునై ఒక చిన్న కంపెనీలో చేరాను. నా మొదటి పని మదనపల్లెలో, టమోటా మార్కెట్టుకు పోయే కూడలిలో, వాహనాలను తానే గుర్తించి దీపం మార్చుకునే సిగ్నల్ పెట్టడం. రోడ్డు కింద తీగలు పరుస్తుంటే పక్కన వచ్చి నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్‌ను చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాను. నంజప్ప గారికి అప్పటికే అక్కడికి బదిలీ అయింది.

"ఇది దేన్ని సూస్తాది ఇంజనీరప్పా?" అని అడిగారు.

"ఇనుమును సార్. పైన బండి నిలబడితే కింద తీగకు తెలుస్తాది. యా దారిలో బండ్లుంటే ఆ దారికి పచ్చదీపం ఇస్తాది."

"ఇనుము లేనోళ్ల సంగతి?"

"ఈ కాలంలో ఇనుము లేని బండి యాడుంది సార్?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

మేము పరీక్ష పెట్టింది మధ్యాహ్నం పూట. లారీలు, బస్సులు, జీపులు వచ్చాయి, దీపాలు చక్కగా మారాయి, అధికారులు చప్పట్లు కొట్టారు. మరునాడు తెల్లవారేసరికి పక్క సందులోంచి ఎడ్లు లాగే కట్టెబండ్లు, తోపుడుబండ్లు టమోటా పెట్టెలతో బారులు తీరాయి. ఆ ఎత్తైన బండ్ల అడుగున ఉండే కాస్త ఇనుము నా తీగలకు ఆనలేదు. సిగ్నల్ లెక్కలో ఆ సందులో ఎవరూ లేరు. ఎర్రదీపం ఎర్రగానే ఉండిపోయింది. మార్కెట్టులో వేలం పొద్దున్నే మొదలవుతుంది. ఆలస్యంగా చేరిన సరుకును అడిగే నాథుడు ఉండడు. చెంగమ్మ అనే ముసలి రైతు నా దగ్గరికి వచ్చి, "యాల సార్, ఆ దీపానికి మేము కనపడమా?" అని అడిగింది.

నాలుగు రోజుల్లో బండివాళ్లే ఒక ఉపాయం కనిపెట్టారు. వెనక నుంచి ట్రాక్టరు ఏదైనా వస్తే తాము పక్కకు జరిగి, బతిమాలి దాన్ని ముందుకు పిలిచేవారు. ట్రాక్టరు వచ్చి నిలబడగానే దీపం మారేది, దాని వెనకే బండ్లు పరుగెత్తేవి. నేను కాలేజీలో చదివి చేసిన తప్పును ఎడ్లు తోలేవాళ్లు అంత సులువుగా పట్టేశారు.

ట్రాక్టరు రోజూ రాదు కదా. అందుకని నంజప్ప గారు తెల్లవారగానే సిగ్నల్ ఆపేసి, వేలం ముగిసేదాకా చేతులతో దారి ఇవ్వడం మొదలుపెట్టారు. పరీక్షాకాలం పూర్తయ్యేదాకా సిగ్నల్ ఆపరాదని ఉత్తర్వు. ఆపితే ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో సిగ్నల్ రోజువారీ పుస్తకంలో రాయవలసింది నేను.

"వద్దు సార్, పైవాళ్లు అడుగుతారు" అని బతిమాలాను.

"అడగనీ. నంజప్ప ఆపినాడని రాయి. యాల ఆపినాడో గూడా రాయి. రెండూ రాస్తేనే మిషను బాగుపడతాది."

మొదటిది రాశాను. రెండోది రాయబోతే కలం ఆగింది. రాస్తే లోపం నాదని తేలుతుంది, మిగతా కూడళ్ల పని మా కంపెనీకి రాదు, నా కొత్త ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. తర్వాత నోటిమాటగా చెప్పుకుందాంలే అనుకున్నాను. నేను చెప్పుకునేలోపే ఆయనకు కుప్పం బదిలీ ఉత్తర్వు వచ్చింది. విధి నిర్వహణలో నిర్లక్ష్యం అని సర్వీసు రిజిస్టరులో రాశారు. ఏఎస్ఐ ప్రమోషన్ జాబితాలోంచి పేరు తీసేశారు. ఆ ప్రమోషన్ కోసం ఆయన ఎన్నేళ్లుగా ఎదురుచూశారో నాకు తెలుసు.

కొన్ని నెలలకు ధైర్యం కూడగట్టుకుని కుప్పం వెళ్లాను. మూడు రాష్ట్రాల గ్రానైటు లారీల మధ్య నిలబడి ఉన్నారు. నన్ను చూసి చేయి ఊపారు. "మూడు భాషల్లో సెప్తాండా అప్పా, యా భాషలోనూ వినరు" అని నవ్వుతూ టీకొట్టుకు తీసుకుపోయారు. జరిగినదంతా చెప్పేశాను. ఆయన టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టారు.

"కట్టెబండ్లకు దారి పెట్టినావా?"

"ఇంకా లేదు సార్."

"అయితే నాకాడికి యాల వచ్చినావు? నా ప్రమోషన్ పోయింది పోనే పోయింది. ఆ చెంగమ్మ టమోటాలు ఆగుతాయా? పో, ముందు ఆ పని చేసుకో పో."

ఆయన నా మీద కోప్పడటం అదే మొదలు, అదే చివర. తిరిగి వెళ్లి, బండ్లు తీగకు కనపడినా కనపడకపోయినా దీపాలు మారే ప్రతి చుట్టులోనూ ఆ సందుకు కొంతసేపు పచ్చదీపం వచ్చేలా మార్చాను. ఒక పూట పని. అయ్యాక ఫోను చేసి, పై అధికారులకు నిజం రాస్తానన్నాను. "ఇంగ వద్దులే అప్పా" అన్నారు. వద్దన్నారు కదా అని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు సుఖంగా ఉండింది గనుక ఊరుకున్నానన్నది అసలు నిజం.

అప్పటి నుంచి ఏ నగరంలో పని మొదలుపెట్టినా, రోడ్డు తవ్వేముందు వారం రోజులు ఆ కూడలిలో నిలబడతాను. నడిచేవాళ్లను, తోపుడుబండ్లను, కర్ర పట్టుకుని దాటే ముసలివాళ్లను చూస్తాను. "సారుకు ఈల ఒక్కటే తక్కువ" అని నా కింద పనిచేసే పిల్లలు వెనక నవ్వుకుంటారు. నవ్వనీ. నా విద్యలో పనికొచ్చిన భాగమంతా నంజప్ప గారు పెట్టిన భిక్ష.

అంత్యక్రియలు ముగిశాక రత్న నా దగ్గరికి వచ్చింది. పెద్దకర్మ కార్డు అచ్చుకు ఇవ్వాలి, ఒకసారి చూడమంది. తండ్రి పేరు కింద హెడ్ కానిస్టేబుల్ అని ఉంది. "ఏఎస్ఐ అని ఉండాలని నాయనకు శానా ఆశన్నా. ఆఖర్న యాలనో రాలేదు" అంది. ఎందుకు రాలేదో ఆయన ఇంట్లో కూడా చెప్పలేదని నాకు అప్పుడు తెలిసింది. ఆ కాగితం పట్టుకుని ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

అమ్మా రత్నా, ఆ రోజు పుస్తకంలో నేను రాయకుండా వదిలిన వాక్యం ఇది. సందులోంచి వచ్చే కట్టెబండ్లను ఈ సిగ్నల్ గుర్తించడం లేదు, ఆ లోపం దీన్ని రూపొందించిన నాది, రైతులు వేలానికి అందాలని హెడ్ కానిస్టేబుల్ నంజప్ప దీన్ని ఆపి తన చేతులతో దారి ఇస్తున్నారు. ఇందులో నేను కొత్తగా కష్టపడి కనుక్కున్నది ఏమీ లేదు, అంతా ఆ పొద్దున నాకు తెలిసిందే. ఇప్పుడు రాశాను, చదివి సరేననవలసిన ఆ ఒక్క మనిషి లేరు.